వీకెండ్‌కి ఆండమాన్: సముద్రం టైమ్‌టేబుల్ అమ్మ క్యాలెండర్‌లో ఉంది

లాస్ట్ ఎపిసోడ్ కింద చాలామంది అడిగారు, "అన్నా, ఫ్యామిలీతో ఆండమాన్ వెళ్లొచ్చావ్ కదా, బడ్జెట్ చెప్పు, ప్లాన్ చెప్పు" అని. బడ్జెట్ వీడియోలు యూట్యూబ్‌లో వెయ్యి ఉన్నాయి. నేను ఇంకోటి చెప్తా. నా తెలివితక్కువ లెక్క వల్ల మా నాన్న చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో, రాళ్ల మధ్య ఎందుకు నిలబడాల్సి వచ్చిందో చెప్తా. మీరు అక్కడికి వెళ్లే ముందు తెలుసుకోవాల్సింది అదే.

ముందు మా ఇంటి సంగతి. మాది చిక్కడపల్లి. ఇంటి నుంచి నడిస్తే అశోక్ నగర్ అయిదు నిమిషాలు. చెల్లి గ్రూప్స్ ప్రిపేర్ అవుతోంది, పొద్దున్నే వెళ్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు పట్టుకోవడమే తన పని. నాన్న సెంట్రల్ గవర్నమెంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. సర్వీస్ మొత్తంలో ఎల్‌టీసీ రెండే సార్లు వాడారు, రెండూ తిరుపతికే. అమ్మకి సముద్రం అంటే వైజాగ్‌లో ఒకసారి, అది కూడా ఆటో దిగకుండా. మా నలుగురికీ నీళ్లంటే తెలిసింది ట్యాంక్ బండ్, వానాకాలంలో పొంగే హుస్సేన్ సాగర్ నాలా. ఆ నాలా గురించి అశోక్ నగర్‌లో ఉండేవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

నేను జాబ్ మానేసి వీడియోల్లోకి వచ్చాక ఇంట్లో అందరం కలిసి ఎక్కడికీ పోలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆన్-కాల్, మానేశాక డబ్బుల్లేవ్. ఈసారి రెండూ కుదిరాయి. జనవరి మొదటి వారం బుక్ చేశా. అమ్మ అప్పుడే అంది, "శనివారం పౌర్ణమిరా, ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకోకుండా ఎక్కడికో సముద్రంలోకి పోవడమేంట్రా?" అని. నేను వినలేదు. ఆ మాట ఒకటి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వీకెండ్ అన్నా కదా, అది మాటవరసకే. హైదరాబాద్ నుంచి శ్రీ విజయపురం దాదాపు 1,650 కిలోమీటర్లు. శ్రీ విజయపురం అంటే పోర్ట్ బ్లెయిరే, 2024 సెప్టెంబర్‌లో పేరు మార్చారు. డైరెక్ట్ ఫ్లైట్ దొరికితే రెండున్నర గంటల లోపే. కానీ అసలు బీచ్‌లన్నీ వేరే దీవుల్లో ఉంటాయి, వాటికి ఫెర్రీ ఎక్కాలి. హావ్‌లాక్, నీల్ అని మనం వినే దీవులకి 2018 డిసెంబర్‌లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. టికెట్ మీద ఒక పేరు, ఆటో అతని నోట్లో ఇంకో పేరు ఉంటుంది, కంగారు పడకండి. మేం శుక్రవారం పొద్దున దిగి, శనివారం షహీద్ ద్వీప్ వెళ్లి, ఆదివారం వెనక్కొచ్చి, సోమవారం ఫ్లైట్ ఎక్కాం. దీన్ని వీకెండ్ అని పిలవాలంటే గుండె ధైర్యం ఉండాలి.

శుక్రవారం మధ్యాహ్నం సెల్యులార్ జైలు చూశాం. ఇక్కడ మన ఏరియా వాళ్లకి ఒక సంగతి. చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కితే నారాయణగూడ, తర్వాత సుల్తాన్ బజార్. అక్కడ దిగితే దగ్గర్లోనే పాత బ్రిటిష్ రెసిడెన్సీ, మనం కోఠి ఉమెన్స్ కాలేజ్ అనే బిల్డింగ్. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనుషుల్ని వెంటేసుకుని దాని మీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత చంపేశారు. మౌల్వీ అలావుద్దీన్‌ని యావజ్జీవ శిక్ష వేసి పంపించింది ఈ ఆండమాన్‌కే. రీల్స్‌లో ఆయన్ని సెల్యులార్ జైల్లో పెట్టారని చెప్తుంటారు, అది కుదరదు. జైలు కట్టడం మొదలైంది 1896లో, అయిపోయింది 1906లో. ఆయన వచ్చేసరికి అక్కడ జైలు గోడలే లేవు, 1858లో మొదలుపెట్టిన ఖైదీల సెటిల్‌మెంట్ మాత్రమే ఉంది. గోడ లేకుండా ఎలా ఆపారు అని చెల్లి అడిగింది. నాన్న ఏం మాట్లాడకుండా సముద్రం వైపు చెయ్యి చూపించారు.

ఆ జైలు మధ్యలో టవర్, చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు వింగ్‌లు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు దళంలో చేసిన గాం మల్లు దొర కూడా ఆండమాన్ శిక్ష అనుభవించి, బయటికొచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకి గెలిచారు. ఇది చెల్లికి తెలుసు, నాకు తెలీదు. అశోక్ నగర్ కోచింగ్ వేస్ట్ కాదు అనడానికి ప్రూఫ్ నంబర్ వన్.

శనివారం ఫెర్రీ. డోకు వచ్చింది ఎవరికో తెలుసా? అమ్మకి కాదు, నాకే. లోపల సీట్లో కూర్చుని ఫోన్‌లో ఎడిటింగ్ చేస్తున్నా. కళ్లు "కదలట్లేదు" అంటాయి, లోపలి చెవి "ఊగుతున్నాం" అంటుంది, రెండు రిపోర్టులూ కలవక మెదడు తిప్పేస్తుంది. కిటికీ లోంచి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూస్తూ కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది. పడవ మధ్యలో, కింది వరుసల్లో ఊపు తక్కువ.

షహీద్ ద్వీప్ చిన్న దీవి. ఊళ్ల పేర్లు వింటే మా అమ్మకి ప్రాణం లేచొచ్చింది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. "రామ్‌నగర్ మన పక్కనే కదరా, ఇంత దూరం ఎందుకు తెచ్చావ్?" అని నాన్న సెటైర్. భరత్‌పూర్ బీచ్‌లో పొద్దున నీళ్లు ఒడ్డు దాకా నిండుగా ఉన్నాయి. అమ్మ చీర కొంచెం పైకి పట్టుకుని నీళ్లలో కూర్చుంది. గంటసేపు అలానే కూర్చుంది. నేను తయారుచేసిన లిస్ట్‌లో ఆ గంట లేదు. లేపడానికి వెళ్తే చెల్లి నన్ను ఆపింది.

అన్నం తిని మళ్లీ వచ్చేసరికి సముద్రం లేదు.

నిజంగా. పొద్దున అమ్మ కూర్చున్న చోట తడి ఇసుక, పగడపు రాళ్లు, మధ్యలో గుంటల్లో చిన్న చేపలు. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. అద్దం అడుగున్న పడవలన్నీ ఇసుక మీద కూర్చున్నాయి. అమ్మ అడిగింది, "నీళ్లు ఏవిరా?" అని. అక్కడి నుంచే ఈ ఎపిసోడ్ మొదలైందనుకోండి.

లక్ష్మణ్‌పూర్ వైపు ఒక బీచ్‌లో రాయి దానంతటదే అరిగి వంతెనలా నిలబడింది. నేచురల్ బ్రిడ్జ్ అంటారు. అక్కడికి నడిచి వెళ్లడం నీళ్లు తగ్గినప్పుడే కుదురుతుంది. ఆ రోజు నీళ్లు బాగా తగ్గేది మధ్యాహ్నం మూడుంముప్పావు ప్రాంతంలో అని నెట్‌లో చూసి పెట్టుకున్నా. మొత్తం టేబుల్ సేవ్ చేసుకోలేదు, ఆ ఒక్క టైమే గుర్తుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కీ, అక్కడి వేరే దీవులకీ కలిపి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేశారు, 2020 ఆగస్ట్ 10న ఓపెన్ చేశారు. అంతకుముందు అక్కడ నెట్ అంతా శాటిలైట్ మీదే. సో టౌన్‌లో నెట్ బానే వస్తుంది, అదే ధైర్యంతో వెళ్లా. మా రూమ్ దగ్గర, ఆ బీచ్ దగ్గర నా ఫోన్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది.

మేం బ్రిడ్జ్ దగ్గరికి చేరింది నాలుగున్నరకి. దారి మొదట్లో ఒకతను "గైడ్ కావాలా" అని అడిగాడు, కొన్ని వందలు మిగులుతాయని వద్దన్నా. అమ్మ, చెల్లి ఒడ్డునే కూర్చున్నారు. నేనూ నాన్నా వెళ్లాం. మనసులో నా లెక్క ఇదీ. తక్కువ నీళ్ల నుంచి ఎక్కువ నీళ్లకి ఆరు గంటలు పైచిలుకు. తేడా రెండు మీటర్లకి అటూఇటూ. అంటే గంటకి ముప్పై, ముప్పైమూడు సెంటీమీటర్లు. పావు తక్కువ అయిదుకి చూస్తే ఒక జానెడు కూడా పెరగలేదు. "ఓహో, నా లెక్క కంటే స్లోగా ఉంది, టైమ్ ఉంది" అనుకుని డ్రోన్ షాట్ లేని లోటు తీర్చడానికి నాన్నని అటు నిలబెట్టి, ఇటు నిలబెట్టి వీడియో తీశా.

ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివి చేసిన తప్పు ఇదే. సముద్రం స్ట్రెయిట్ లైన్‌లో పెరగదు. సైన్ కర్వ్‌లో పెరుగుతుంది. ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. చివర్లో ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది, మధ్యలో జోరుగా పోతుంది. నీళ్లూ అంతే. నావికులు దీన్ని పన్నెండు భాగాల లెక్కగా గుర్తుపెట్టుకుంటారు. మొత్తం పెరుగుదలని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, తర్వాత రెండు, చివరి గంటలో ఒకటి. రెండు మీటర్ల మీద వేసి చూడండి. మొదటి గంటలో 17 సెంటీమీటర్లు. రెండో గంటలో 33. మూడో గంటలో 50, నాలుగులో ఇంకో 50. అంటే మొదటి గంట చూసి "ఏం కాదులే" అనుకున్నవాడికి మూడో గంటలో అర మీటరు వచ్చి పడుతుంది.

ఇది చాలదన్నట్టు ఇంకో గడియారం కూడా నన్ను ముంచింది. మన దేశం మొత్తానికి ఒకటే టైమ్. అది కాకినాడ పక్క నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క. హైదరాబాద్ దాదాపు 78.5 దగ్గరుంటే, పోర్ట్ బ్లెయిర్ 92.7 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ దాదాపు గంట ముందుంటాడు. జనవరి మొదట్లో అక్కడ అయిదుంపావుకల్లా పొద్దు గూకిపోతుంది. నా ఒంట్లో హైదరాబాద్ టైమ్ నడుస్తోంది, అయిదున్నర అంటే ఇంకా వెలుతురు ఉంటుందనే నమ్మకం.

అయిదూ నలభైకి వెనక్కి తిరిగాం. వచ్చేటప్పుడు రాళ్ల మీద పొడిగా నడిచిన దారి లేదు. రాళ్ల మధ్య గుంటలన్నీ నిండి ఒకటైపోయాయి. చీకటి. ఫోన్ టార్చ్ వేస్తే నీళ్ల పైన మెరుపే తప్ప అడుగు కనిపించట్లేదు. చచ్చిన పగడపు రాయి మీద పాకుడు ఉంటుంది, సబ్బు కంటే జారుడు. నాన్న జారారు. మోకాలు రాయికి కొట్టుకుంది. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూనే లేవలేకపోయారు. మోకాలి దాకా నీళ్లు. అమ్మ ఒడ్డు నుంచి పిలుస్తోంది, నేను "వస్తున్నాం" అని అరుస్తున్నా, ఎటు అడుగేయాలో నాకు తెలీదు.

అప్పుడు వెనక నుంచి తెలుగు వినపడింది. "ఏటి బాబూ, నీరు తిరిగిపోనాది, ఇంకా ఇక్కడేటి సేత్తన్నారు?" వల భుజాన వేసుకున్న పెద్దాయన. మాట వింటేనే తెలుస్తోంది శ్రీకాకుళం అని. నాన్నని ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకున్నాం. ఆయన నేను చూస్తున్న వైపు కాకుండా, రాళ్లకి దూరంగా ఇసుక ఉన్న చోట నుంచి తీసుకెళ్లారు. నీళ్లు తొడల దాకా వచ్చాయి కానీ కాలి కింద మెత్తగా ఉంది. ఒడ్డుకొచ్చాక నాన్నతో అన్నారు, "పున్నమి పోటు కదా అయ్యా, తొరగా వచ్చేత్తాది". డబ్బులిస్తే తీసుకోలేదు. చిక్కడపల్లి అంటే ఎక్కడని అడిగారు. సంధ్య థియేటర్ పక్కన అంటే అర్థమైంది.

ఆండమాన్‌లో తెలుగు వినిపించడం వింతేం కాదు. 2011 జనగణన ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఎక్కువ మంది ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లే. విశాఖ నుంచి ఓడ ఉంది మరి, రెండు మూడు రోజుల ప్రయాణం.

రాత్రి రూమ్‌లో నాన్న మోకాలికి ఐస్ పెడుతూ చెల్లి మొదలుపెట్టింది. "అన్నా, ఇది మా జాగ్రఫీలో బిట్టు. పర్వవేలా తరంగాలు, లఘువేలా తరంగాలు." ఆ పేర్లు తనకి కంఠస్థం. కానీ నిన్నటి దాకా ఆ బిట్టుకీ, కాలి కింద నీళ్లకీ సంబంధం ఉందని తనకీ అనిపించలేదట. ఇద్దరం కూర్చుని అమ్మకి చెప్పాం. మీకూ అలాగే చెప్తా.

చంద్రుడు భూమిని లాగుతాడు. దగ్గరున్న వైపుని ఎక్కువ, మధ్యభాగాన్ని కొంచెం తక్కువ, అవతలి వైపుని ఇంకా తక్కువ. ఈ తేడా వల్ల భూమికి రెండు పక్కలా నీళ్లు ఉబ్బుతాయి, చంద్రుడి వైపు ఒకటి, దానికి సరిగ్గా అవతల ఒకటి. భూమి తిరుగుతూ ఆ రెండు ఉబ్బుల కిందికీ వెళ్తుంది, అందుకే రోజుకి రెండుసార్లు నీళ్లు పొంగుతాయి. ఈలోపు చంద్రుడు కూడా కొంచెం ముందుకి జరుగుతాడు కాబట్టి పొంగుకీ పొంగుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ్టి టైమ్ రేపు దాదాపు 50 నిమిషాలు లేటు. ఇవాళ చూసిన టైమ్ పట్టుకుని రెండ్రోజుల తర్వాత వెళ్తే గంటన్నరకి పైగా తేడా కొడుతుంది.

సూర్యుడూ లాగుతాడు, కానీ ఈ విషయంలో ఆయన బలం చంద్రుడిలో సగం కంటే కొంచెం తక్కువ. అమావాస్యకీ పౌర్ణమికీ ముగ్గురూ ఒకే గీత మీదికి వస్తారు, రెండు లాగుళ్లూ కలుస్తాయి. నీళ్లు బాగా పైకొస్తాయి, బాగా కిందికి పోతాయి. అదే చెల్లి చెప్పిన పర్వవేలా. అష్టమి దగ్గర ఇద్దరూ లంబకోణంలో ఉండి ఒకరి పని ఒకరు తగ్గిస్తారు, అది లఘువేలా. సముద్రం ఆకారం, లోతుల వల్ల ఈ ప్రభావం తీరానికి రావడానికి ఒకట్రెండు రోజులు లేటు కూడా అవ్వచ్చు. టైమ్ మాత్రం ఊరూరికీ వేరు, చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడే నీళ్లు వస్తాయని అనుకోవద్దు.

మన భాషలో దీనికి ఎప్పటి నుంచో పేరుంది. పోటు అంటే నీళ్లు పొంగి రావడం, ఆటు అంటే వెనక్కి తీయడం. జీవితంలో ఆటుపోట్లు అని డైలాగులు కొడతాం, దాని అసలు అర్థం నాకు ఆ రాళ్ల మధ్య తెలిసింది.

అమ్మ అంతా విని ఒకే మాట అంది. "అదే కదరా నేను చెప్పింది, శనివారం పౌర్ణమి అని."

నేను నవ్వలేదు. ఎందుకంటే కరెక్టే. ఇంట్లో గోడ మీద వేలాడే క్యాలెండర్‌లో తిథి చూస్తే ఆ వారాంతం సముద్రం ఏ మూడ్‌లో ఉంటుందో సగం తెలిసిపోతుంది. పున్నమి, అమావాస్యల దగ్గరైతే నేచురల్ బ్రిడ్జ్ లాంటివి నీళ్లు తీసినప్పుడు బాగా కనిపిస్తాయి, కానీ తిరిగొచ్చేది కూడా జోరుగానే. పెద్దవాళ్లతో ఊరికే నీళ్లలో కూర్చుని రావాలంటే అష్టమి అటూఇటూ నయం, నీళ్లు మరీ దూరం పోవు. మిగతా సగం, అంటే కచ్చితమైన టైమ్, టైడ్ టేబుల్‌లో చూడాలి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే నాలుగు రోజులదీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, పక్కనే అక్కడి సూర్యాస్తమయం టైమ్ రాసుకోండి. రాళ్ల మీదికి వెళ్లేదుంటే నీళ్లు ఇంకా తగ్గుతున్నప్పుడే వెళ్లి, తిరగడం మొదలవ్వగానే వెనక్కి రావాలి. గైడ్‌ని పెట్టుకోండి, ప్లీజ్.

ఆ సమాచారం ఇచ్చే సంస్థ ఎక్కడుందో తెలిస్తే నవ్వుతారు. ఇన్‌కాయిస్. దేశం మొత్తానికి సముద్రం ముచ్చట చెప్పే సెంటర్, ఉన్నది మన ప్రగతి నగర్‌లో. సముద్రమే లేని హైదరాబాద్‌లో. పెద్ద అలల హెచ్చరికలు, ఆటుపోట్ల అంచనాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే. 2004 డిసెంబర్ 26 కూడా పౌర్ణమే, దాంతో కొంతమంది రెండూ కలిపేస్తారు. సునామీకీ చంద్రుడికీ సంబంధం లేదు, అది సముద్రం అడుగున వచ్చిన భూకంపం వల్ల. కానీ ఆ భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల నేల దాదాపు మీటరు కుంగింది. అంతకుముందు పోటు నీళ్లు రాని పొలాల్లోకి కూడా తర్వాత నీళ్లు వచ్చేశాయి. నేల మీటరు దిగితే టైడ్ టేబుల్ మొత్తం ఊళ్లోకి వచ్చినట్టే కదా.

ఆదివారం పొద్దున నాన్న నడవలేరు కాబట్టి నా లిస్ట్ క్యాన్సిల్. భరత్‌పూర్ ఒడ్డున నాలుగు కుర్చీలు వేయించుకుని కూర్చున్నాం. పొద్దున పది దాటాక నీళ్లు నిండుగా వచ్చాయి, నాన్న కుర్చీ కాళ్ల దాకా. ఆయన మోకాలి కట్టు తడవకుండా కాలు ఎత్తి పెట్టుకుని, నా చిన్నప్పటి సంగతులు ఏవో చెల్లికి చెప్తున్నారు. ఎల్‌టీసీ ఎందుకు వాడలేదో కూడా అప్పుడే చెప్పారు. డబ్బులన్నీ మా ఇద్దరి ఫీజులకి పోయాయట. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, ఇది ఎప్పుడూ వినలేదు. కెమెరా ఆన్‌లో లేదు, ఆ ముక్క మీకు చూపించలేను.

అమ్మ ఒక తెల్లటి పగడపు ముక్క ఏరింది, పూజ గదిలో పెడతానని. వెనక్కి పెట్టించా. పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షితం, ఒడ్డున పడి ఉన్నదైనా తీసుకురాకూడదు, ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌లో పట్టుకుంటారు.

నాన్న మోకాలికి ఎక్స్‌రే తీయించాం, విరగలేదు, మూడు వారాలు రెస్ట్ అన్నారు. ఇప్పుడు ఇందిరా పార్క్‌లో పొద్దున వాకింగ్ మళ్లీ మొదలుపెట్టారు. అమ్మ నిన్న క్యాలెండర్ తిరగేస్తూ కూర్చుంది. ఏం చూస్తున్నావమ్మా అంటే, "డిసెంబర్‌లో అష్టమి శనివారం ఎప్పుడొస్తుందో చూస్తున్నారా" అంది. చెల్లి ప్రిలిమ్స్ డేట్ చూసి చెప్తానంది.

ఫెర్రీ బుకింగ్ గురించి అడిగినవాళ్లకి నెక్స్ట్ ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి, బై.